బ్రూస్ బోచీ, 2023 రేంజర్స్: ఆ ట్రోఫీ మేనేజర్‌దా, ఆటగాళ్లదా?

ఫ్రిస్కో వాసి:
మేనేజర్ బ్రూస్ బోచీ 2025 సీజన్ అవగానే మా బేస్‌బాల్ టీం టెక్సాస్ రేంజర్స్ నుంచి తప్పుకున్నాడు. ఇక్కడ ఉన్నది మూడేళ్లు. 2024లో 78 గెలిచి 84 ఓడారు, 2025లో సరిగ్గా 81-81. ఆ రెండేళ్లూ ప్లేఆఫ్స్‌కి, అంటే సీజన్ చివర అక్టోబర్‌లో జరిగే నాకౌట్ సిరీస్‌లకి, వెళ్లలేదు. కానీ వచ్చిన మొదటి ఏడాదే, 2023లో, ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిపించాడు. ఈ టీం 1972లో వాషింగ్టన్ నుంచి ఆర్లింగ్టన్‌కి మారింది. అప్పటి నుంచి 2023 దాకా ఆ ట్రోఫీ ఒక్కసారి కూడా చేతికి రాలేదు. 2011 వరల్డ్ సిరీస్‌లో సెయింట్ లూయిస్‌తో ఆరో మ్యాచ్‌లో అయితే ట్రోఫీకి రెండుసార్లు ఒక్క స్ట్రైక్ (మూడు పడితే బ్యాటర్ అవుట్) దూరంలోకి వెళ్లి మరీ ఓడిపోయారు. ఇక్కడి పాత అభిమానులు ఇప్పటికీ ఆ మ్యాచ్ ఊసెత్తనివ్వరు.

మా ఫ్రెండ్స్‌లో చాలామంది అనేది ఒకటే మాట: "డబ్బు పోశారు, సీగర్ కొట్టాడు, గార్సియా కొట్టాడు, బోచీ డగౌట్‌లో కూర్చున్నాడు." ఇది అన్యాయం అని నా బాధ. ఆ అక్టోబర్‌లో ప్రతి మ్యాచ్ చూశాను. అంత బలహీనమైన బుల్‌పెన్‌తో (మ్యాచ్ మధ్యలో వచ్చే పిచర్లు, అంటే బంతి వేసేవాళ్లు) అక్కడిదాకా లాక్కెళ్లడం ఇంకెవరి వల్లా అయ్యేది కాదు. మీరేమంటారు?

కేటీ కుర్రాడు:
నేను హ్యూస్టన్ ఆస్ట్రోస్ అభిమానిని, ముందే చెప్పేస్తున్నా అన్నా. డబ్బు సంగతి అంత తేలిగ్గా తీసేయకండి. 2021 చివర్లో కోరీ సీగర్‌కి పదేళ్లకు 32.5 కోట్ల డాలర్లు, మార్కస్ సెమియన్‌కి ఏడేళ్లకు 17.5 కోట్లు. మరుసటి ఏడాది జేకబ్ డిగ్రామ్‌కి ఐదేళ్లకు 18.5 కోట్లు. 2023 సీజన్ మధ్యలో అరోల్డిస్ చాప్‌మన్, మ్యాక్స్ షెర్జర్, జోర్డన్ మాంట్‌గమరీ వచ్చారు. ఇదంతా చేసింది జనరల్ మేనేజర్ క్రిస్ యంగ్. ఆ ఏడాది వాళ్లు 881 రన్లు కొట్టారు, అమెరికన్ లీగ్‌లో అదే అందరికంటే ఎక్కువ. ఆల్‌స్టార్ మ్యాచ్ మొదలుపెట్టిన వాళ్లలో ఐదుగురు రేంజర్సే: హైమ్, సెమియన్, సీగర్, జంగ్, గార్సియా. అలాంటి లైనప్ చేతిలో ఉంటే ఎవరైనా గెలుస్తారు.

ఫ్రిస్కో వాసి:
తమ్ముడూ, 2022లో కూడా సీగర్, సెమియన్ ఉన్నారు కదా. ఆ ఏడాది 68 గెలిచి 94 ఓడారు. డిగ్రామ్ 2023లో ఆరు మ్యాచ్‌లు మొదలుపెట్టి మోచేతి సర్జరీకి వెళ్లిపోయాడు. షెర్జర్ సెప్టెంబర్‌లో భుజం దగ్గర కండరం పట్టేసి ఆగిపోయాడు. డబ్బు పోసి తెచ్చుకున్న పిచర్లలో సగం మంది సరైన సమయానికి లేరు.

గచ్చిబౌలి నైట్‌షిఫ్ట్:
నేను ఈ ఆటకి కొత్త. నైట్‌షిఫ్ట్ దిగి వచ్చాక పొద్దున టీవీ పెడితే అక్టోబర్‌లో బేస్‌బాల్ లైవ్ వస్తుంది, అలా అలవాటైంది. ఒక డౌట్. క్రికెట్‌లో బౌలర్‌ని మార్చేది గ్రౌండ్‌లో ఉన్న కెప్టెన్. ఇక్కడ అరవై దాటిన పెద్దాయన ఆటగాళ్ల యూనిఫాం వేసుకుని నడుచుకుంటూ మధ్యలోకి వస్తాడు, బంతి తీసుకుంటాడు, వెళ్లిపోతాడు. మేనేజర్ అసలు చేసే పనేంటి?

బేఏరియా బాబాయ్:
మంచి ప్రశ్న అడిగావు. అన్నీ ఆ నడకలోనే ఉన్నాయి.

క్రికెట్‌లో బౌలర్‌ని ఇప్పుడు ఆపి ఐదు ఓవర్ల తర్వాత మళ్లీ పిలవొచ్చు. బేస్‌బాల్‌లో ఒకసారి పిచర్‌ని మ్యాచ్ నుంచి తీసేస్తే అతను మళ్లీ రాడు. బ్యాటర్ అయినా అంతే. కాబట్టి మేనేజర్ తీసుకునే ప్రతి నిర్ణయమూ ఖర్చే. తొందరగా తీస్తే చివర్లో మనుషులు మిగలరు. ఆలస్యం చేస్తే మ్యాచ్ పోతుంది. పైగా 162 మ్యాచ్‌ల సీజన్, దాదాపు రోజూ ఆట. ఈ రోజు ఎవరి చేయి అలసిపోయింది, రేపటికి ఎవరు కావాలి అనే లెక్క ఏప్రిల్ నుంచి నడుస్తూనే ఉంటుంది. 2020 నుంచి ఇంకో రూల్ వచ్చింది. మధ్యలో వచ్చిన పిచర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకు వేయాలి, లేదా ఆ సగం ఇన్నింగ్స్ పూర్తి చేయాలి.

బోచీ ఈ పనిలో ఎందుకు ఆరితేరాడో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఆయన పుట్టింది ఫ్రాన్స్‌లో, 1955లో. తండ్రి అమెరికా సైన్యంలో ఉండేవాడు. 1978 నుంచి 1987 వరకు హ్యూస్టన్, న్యూయార్క్ మెట్స్, శాన్ డియాగో టీంలకు క్యాచర్‌గా ఆడాడు, ఎక్కువగా బెంచ్ మీదే. క్యాచర్ అంటే ప్లేట్ వెనక కూర్చుని మైదానం మొత్తాన్ని ఎదురుగా చూసేవాడు. ఏ పిచర్ చేతిలో ఇంకా జోరుంది, ఎవరు పైకి గంభీరంగా ఉన్నా లోపల భయపడుతున్నాడు, అన్నీ అతనికి తెలుస్తాయి. బెంచ్ మీద గడిపిన ఏళ్లు కూడా చదువే అని నేననుకుంటాను.

1995లో శాన్ డియాగో మేనేజర్ అయ్యాడు. మరుసటి ఏడాదే నేషనల్ లీగ్ ఉత్తమ మేనేజర్. 1998లో వరల్డ్ సిరీస్‌కి తీసుకెళ్లాడు కానీ ఆ ఏడాది 114 మ్యాచ్‌లు గెలిచిన యాంకీస్ నాలుగుకి నాలుగూ కొట్టేసింది. 2007లో మా శాన్ ఫ్రాన్సిస్కోకి వచ్చాడు. ఆ ఆగస్టులోనే మా బ్యాటర్ బారీ బాండ్స్ 756వ హోమ్ రన్ (క్రికెట్ సిక్స్ లాంటిది) కొట్టి రికార్డు దాటాడు. బాండ్స్ వెళ్లిపోయాక అందరూ మా పని అయిపోయిందనుకున్నారు. 2010, 2012, 2014, ఐదేళ్లలో మూడు వరల్డ్ సిరీస్‌లు.

స్కోర్‌బుక్ మాస్టారు:
బాబాయ్ గారు వదిలేసిన సంగతి ఒకటి చేరుస్తాను. 2010లో ఆయన ఓడించింది ఈ రేంజర్స్‌నే. ఆర్లింగ్టన్‌లోనే, నవంబర్ 1న, ఐదో మ్యాచ్‌లో. 2023లో అదే రేంజర్స్‌కి మేనేజర్‌గా ఉండి గెలిచింది కూడా నవంబర్ 1నే, ఐదో మ్యాచ్‌లోనే, ఈసారి ఫీనిక్స్‌లో.

ఇక లెక్కలు. రెగ్యులర్ సీజన్లన్నీ కలిపితే బోచీ 2,252 గెలిచి 2,266 ఓడాడు. అంటే గెలిచిన వాటికంటే ఓడినవే ఎక్కువ. ప్లేఆఫ్స్‌కి వచ్చేసరికి 57-37. ఓడితే ఇంటికే అనే ఆఖరి మ్యాచ్‌లు, రెండు టీంలకూ చావో రేవో అనే మ్యాచ్‌లు, ఆరు ఆడితే ఆరూ గెలిచాడు. నాలుగు వరల్డ్ సిరీస్‌లు గెలిచిన మేనేజర్లు చరిత్రలోనే ఆరుగురు: స్టెంగెల్, మెకార్థీ, కోనీ మ్యాక్, ఆల్స్టన్, టోరీ, బోచీ. రెండు లీగుల్లోనూ గెలిచిన వాళ్లు ముగ్గురే, స్పార్కీ ఆండర్సన్, టోనీ లారూసా, ఈయన.

కేటీ కుర్రాడు:
మాస్టారూ, మీ లెక్కే నా వాదన. రెగ్యులర్ సీజన్‌లో 4,500 పైచిలుకు మ్యాచ్‌లు సగం సగం. అక్టోబర్‌లో 94 మ్యాచ్‌లు బాగున్నాయి. అంత తక్కువ మ్యాచ్‌ల్లో అదృష్టం కూడా ఉంటుంది కదా. అదే బోచీ 2016లో షికాగో కబ్స్‌తో నాలుగో మ్యాచ్‌లో 5-2 ఆధిక్యంతో తొమ్మిదో ఇన్నింగ్స్‌కి వచ్చి ఐదుగురు పిచర్లను మార్చాడు, నాలుగు రన్లు ఇచ్చి సిరీస్ పోగొట్టుకున్నాడు. అది ఎవరి ఖాతాలో వేస్తారు?

బేఏరియా బాబాయ్:
ఆయన ఖాతాలోనే. ఆ రాత్రి నేను కూడా కోపంతో టీవీ కట్టేశాను. కానీ అప్పటికి ఆ బుల్‌పెన్‌లో నమ్మదగ్గ చేయి ఒక్కటీ మిగల్లేదు. 2010 నుంచి మాకు నలుగురు ఉండేవాళ్లు, ఆఫెల్ట్, లోపెజ్, రోమో, కసీయా. ఒక్కో బ్యాటర్‌కి ఒక్కొక్కరిని దింపేవాడు. ఎడమచేతి బ్యాటర్ రాగానే లోపెజ్, వాడు అవుట్ కాగానే రోమో. అది చూడటమే ఒక ఆనందం. 2020లో వచ్చిన ఆ ముగ్గురి రూల్ సరిగ్గా ఈ విద్యనే కత్తిరించింది.

అందుకే 2023 నాకు పెద్ద విషయం. ఆయన 2019లో ఆట వదిలి మూడేళ్లు దూరంగా ఉన్నాడు. తిరిగి వచ్చేసరికి ముగ్గురి రూల్ ఉంది, కొత్తగా పిచ్ క్లాక్, అంటే బంతి వేయడానికి గడువు, వచ్చింది. 2023లో అది బేస్‌ల మీద ఎవరూ లేకపోతే 15 సెకన్లు, ఉంటే 20. నిలబడి ఆలోచించే టైం కూడా లేదు. ఏ ఆయుధంతో పేరు తెచ్చుకున్నాడో ఆ ఆయుధం లేకుండా గెలిచాడు.

ఫ్రిస్కో వాసి:
ఇక మా బుల్‌పెన్ సంగతి. చివరి ఇన్నింగ్స్‌లలో ఆధిక్యం కాపాడటాన్ని సేవ్ అంటారు. 2023లో మా వాళ్లు 30 కాపాడారు, 33 పోగొట్టారు. పోగొట్టినవే ఎక్కువ ఉన్న టీం వరల్డ్ సిరీస్ గెలవడం ఏమిటి చెప్పండి!

సీజన్ మధ్యదాకా డివిజన్‌లో (ఆస్ట్రోస్ కూడా ఉన్న మా గ్రూపులో) మేమే ముందు. ఆగస్టు మధ్యలో వరుసగా ఎనిమిది ఓడారు. జోష్ జంగ్ బొటనవేలు విరిగింది. సెప్టెంబర్ మొదట్లో ఆస్ట్రోస్ మా ఊరికే వచ్చి మూడు మ్యాచ్‌లు కొట్టింది: 13-6, 14-1, 12-3. ఆ వారం ఇక్కడ ఎవరూ బేస్‌బాల్ మాట్లాడలేదు. నిజంగా అయిపోయిందనుకున్నాం. బోచీ మాత్రం మైక్ ముందు ఎవరినీ నిందించలేదు, మీటింగుల హడావిడి చేయలేదు. ఆ సిరీస్ అయిన రెండు రోజులకే 21 ఏళ్ల ఇవాన్ కార్టర్‌ని మైనర్ లీగ్ నుంచి తెచ్చారు. నెలరోజుల అనుభవం కూడా లేని ఆ పిల్లాడిని ప్లేఆఫ్స్‌లో ప్రతి మ్యాచ్‌లో ఆడించాడు. ఒకే ప్లేఆఫ్స్‌లో తొమ్మిది డబుల్స్ (ఒక్క దెబ్బతో రెండో బేస్ దాకా చేరేవి) కొట్టి వాడు రికార్డు పెట్టాడు.

కేటీ కుర్రాడు:
ఆఖరి రోజు సంగతి కూడా చెప్పండి మరి. సియాటిల్‌లో ఒక్క మ్యాచ్ గెలిస్తే డివిజన్ మీది. 1-0తో ఓడారు. అదే రోజు మేం ఆరిజోనాలో గెలిచాం. ఇద్దరివీ 90-72. ముఖాముఖి మ్యాచ్‌ల్లో మాది 9-4 కాబట్టి డివిజన్ మాకు వచ్చింది, మీరు వైల్డ్ కార్డ్, అంటే డివిజన్ గెలవకుండా ప్లేఆఫ్స్‌కి వచ్చినవాళ్లు.

ఫ్రిస్కో వాసి:
అవును, అక్కడి నుంచి ఇంటికి కూడా రాకుండా దేశం ఆ చివర నుంచి ఈ చివరకి, టాంపాకి ఎగిరిపోయారు. ఆ ఏడాది 99 గెలిచిన రేస్‌ని రెండుకి రెండు, 4-0, 7-1. తర్వాత 101 గెలిచిన బాల్టిమోర్‌ని మూడుకి మూడు. ఓడిపోయిన ఆ ఆదివారం తర్వాత కుంగిపోని టీం అది.

ప్లానో అక్క:
మీ చర్చ రెండు రోజులుగా చదువుతున్నా. మా ఇంట్లో పిల్లలిద్దరూ లిటిల్ లీగ్ ఆడతారు, అలా నేనూ ఇందులో పడ్డాను. అందరూ డబ్బు, రూల్స్, లెక్కలు చెప్తున్నారు. నాకు ముఖ్యంగా అనిపించింది వేరే. బాల్టిమోర్ తర్వాత ఆస్ట్రోస్‌తో జరిగిన అమెరికన్ లీగ్ ఫైనల్ సిరీస్ ఐదో మ్యాచ్‌కి మేం స్టేడియంలో ఉన్నాం. ఆరో ఇన్నింగ్స్‌లో అడోలిస్ గార్సియా మూడు రన్ల హోమ్ రన్ కొట్టి 4-2 చేశాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఆస్ట్రోస్ పిచర్ బ్రయన్ అబ్రేయు బంతి అతనికి తగలడంతో రెండు డగౌట్‌లూ మైదానంలోకి దూకేశాయి. ఆట చాలాసేపు ఆగిపోయింది. అంతకుముందే బంతి అందుకున్న హోసే లెక్లెర్క్ అంతసేపూ చేయి చల్లబడిపోతూ కూర్చున్నాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మళ్లీ అతనే వచ్చాడు. హోసే అల్తూవే మూడు రన్ల హోమ్ రన్. 5-4. పిల్లలు కార్లో ఒక్క మాట మాట్లాడలేదు.

కేటీ కుర్రాడు:
అక్కా, నేను ఇంట్లో ఎంత గట్టిగా అరిచానో. కానీ చూశారా, చల్లబడిన చేయితో లెక్లెర్క్‌ని మళ్లీ పంపింది బోచీయే. అది తప్పు నిర్ణయం. మీ సిరీస్ అక్కడే 3-2తో మా చేతుల్లోకి వచ్చేసింది.

ప్లానో అక్క:
నేను చెప్పాలనుకున్నది దాని తర్వాతి మ్యాచ్ గురించి తమ్ముడూ. హ్యూస్టన్‌లో ఆరో మ్యాచ్, ఓడితే మా సీజన్ అక్కడితో సరి. ఎనిమిదో ఇన్నింగ్స్, 4-2 ఆధిక్యం. స్టేడియం మొత్తం మీ వాళ్లే, హోరు. బోచీ ఎవరిని పిలిచాడు? లెక్లెర్క్‌నే. బేస్‌లు నిండిపోయాయి. ఒక్క దెబ్బ తగిలితే అయిపోయేది. జాన్ సింగిల్టన్‌ని స్ట్రైక్ అవుట్ చేశాడు. పై ఇన్నింగ్స్‌లో గార్సియా గ్రాండ్ స్లామ్ (బేస్‌లు నిండి ఉండగా హోమ్ రన్, నాలుగు రన్లు), 9-2.

ముందు మ్యాచ్‌లో కోట్ల మంది చూస్తుండగా పడిపోయిన మనిషికి, మరుసటి మ్యాచ్‌లోనే అంతకంటే పెద్ద పని అప్పజెప్పాడు. పిల్లల కోచ్‌లను చూస్తుంటాను, ఒక్క తప్పు చేస్తే ఆ పిల్లాడిని నెలరోజులు కూర్చోబెట్టేవాళ్లే ఎక్కువ. అందుకే ఇది నాకు అంత పెద్దగా కనిపిస్తుంది.

బేఏరియా బాబాయ్:
అమ్మా, సరిగ్గా పట్టుకున్నారు. ఇది ఆయన పాత అలవాటు. బారీ జీటో అని మాకో పిచర్ ఉండేవాడు, 12.6 కోట్ల డాలర్ల ఒప్పందం. 2010 ప్లేఆఫ్స్ జట్టులో బోచీ అతన్ని పెట్టనే లేదు. అంత జీతగాడిని బయట కూర్చోబెట్టడానికి గుండె కావాలి. రెండేళ్లకు, 2012లో, సెయింట్ లూయిస్‌తో 3-1 వెనకబడి ఉన్నప్పుడు ఐదో మ్యాచ్ బంతి అదే జీటో చేతికి ఇచ్చాడు. ఏడు ఇన్నింగ్స్ దాటి వేసి ఒక్క రన్ ఇవ్వలేదు. ఆ సిరీస్ గెలిచాం. తర్వాత వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌లో డెట్రాయిట్ వర్లాండర్ మీద గెలిచింది కూడా జీటోనే.

బోచీ దగ్గర ఒకసారి పక్కన పెట్టడం శిక్ష కాదు, మళ్లీ పిలవడం జాలి కాదు. ఆ రోజుకి ఎవరు సరిపోతారు, అంతే. రెండుసార్లు సై యంగ్ అవార్డు (ఏడాది ఉత్తమ పిచర్‌కి ఇచ్చేది) గెలిచిన లిన్సికమ్‌నే 2012లో బుల్‌పెన్‌కి పంపాడు, అతను సణగకుండా వెళ్లి అదరగొట్టాడు. ఆటగాళ్లు అలాంటి మాట వినాలంటే మేనేజర్ నిజాయితీ మీద వాళ్లకి నమ్మకం ఉండాలి.

స్కోర్‌బుక్ మాస్టారు:
ఆస్ట్రోస్ సిరీస్ ఏడో మ్యాచ్ కూడా చూడండి. షెర్జర్ మొదలుపెట్టాడు, మూడుసార్లు సై యంగ్ గెలిచినవాడు. మూడో ఇన్నింగ్స్ పూర్తి కాకముందే తీసేశాడు. వచ్చింది మాంట్‌గమరీ, మధ్యలో రెండే రోజుల విశ్రాంతి. 2014 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో రెండు రోజుల విశ్రాంతితో బమ్‌గార్నర్‌ని పిలిచి ఐదు ఇన్నింగ్స్ వేయించిన మనిషే ఈయన. స్కోరు 11-4. ఆ సిరీస్‌లో ఏడు మ్యాచ్‌లూ బయటి నుంచి వచ్చిన టీమే గెలిచింది. గార్సియా ఆ ఒక్క సిరీస్‌లో 15 రన్లు తెచ్చిపెట్టాడు, అదీ రికార్డే.

గచ్చిబౌలి నైట్‌షిఫ్ట్:
ఇప్పుడు అర్థమవుతోంది. మరి ఫైనల్ సంగతి?

ఫ్రిస్కో వాసి:
ఆరిజోనా డైమండ్‌బ్యాక్స్, 84 గెలుపులతో అక్కడిదాకా వచ్చిన గట్టి టీం. మొదటి మ్యాచ్‌లో 5-3 వెనక ఉన్నాం. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో సీగర్ రెండు రన్ల హోమ్ రన్, పదకొండులో గార్సియా హోమ్ రన్, 6-5. అందరికీ ఆ రెండు దెబ్బలే గుర్తు. అయితే మా పిచర్ ఎవోల్డి మొత్తం ఐదు రన్లిచ్చి ఐదో ఇన్నింగ్స్‌లో వెళ్లిపోయాక ఆ 33 సేవ్‌లు పోగొట్టిన బుల్‌పెన్ ఆరు ఇన్నింగ్స్ పైగా ఒక్క రన్ ఇవ్వలేదు. సీగర్ కొట్టడానికి మ్యాచ్ అక్కడ ఉంచింది వాళ్లు.

రెండో మ్యాచ్ 9-1తో ఓడారు. మూడోది ఫీనిక్స్‌లో, షెర్జర్ నడుము పట్టేసి మూడు ఇన్నింగ్స్‌కే దిగిపోయాడు. జాన్ గ్రే వచ్చి మూడు ఇన్నింగ్స్ సున్నా. అదే రాత్రి గార్సియాకి పక్కటెముకల దగ్గర కండరం దెబ్బతింది. మరునాటికి ఇద్దరూ జట్టులో లేరు. గార్సియా స్థానంలో ట్రావిస్ జాన్‌కౌస్కీ, సీజన్ అంతా బెంచ్ మీద ఎక్కువున్నవాడు. రెండు హిట్లు కొట్టాడు. 11-7. ఐదో మ్యాచ్‌లో ఆరిజోనా పిచర్ జాక్ గాలెన్ ఆరు ఇన్నింగ్స్ వరకు ఒక్క హిట్ ఇవ్వలేదు. ఎవోల్డి దాదాపు ప్రతిసారీ బేస్‌ల మీదకి మనుషుల్ని రానిస్తూ కూడా ఆరు ఇన్నింగ్స్ సున్నా కొట్టించాడు. ఏడులో గార్వర్ హిట్‌తో ఒకటి, తొమ్మిదిలో సెమియన్ హోమ్ రన్, 5-0.

ఆఖరి ఏడు అవుట్లు జోష్ స్బోర్జ్‌వి. రెగ్యులర్ సీజన్‌లో తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఐదు రన్లకు పైగా ఇచ్చినవాడు. పాత బోచీ అయితే ముగ్గురిని మార్చేవాడేమో. ఈసారి చేయి బాగుందని చూసి అలాగే వదిలేశాడు. కెటెల్ మార్టే నిలబడి చూస్తుండగా మూడో స్ట్రైక్. ప్లేఆఫ్స్‌లో బయట ఆడినవి పదకొండుకి పదకొండు గెలిచారు, ఇంట్లో ఆడిన ఆరులో రెండే.

కేటీ కుర్రాడు:
స్బోర్జ్ విషయం ఒప్పుకుంటా, అది ధైర్యమే. కానీ మరి 2024, 2025? అదే బోచీ, దాదాపు అదే టీం. అంతటి విద్య ఉంటే రెండేళ్లు ఎక్కడికి పోయింది?

బేఏరియా బాబాయ్:
మాకు 2011, 2013, 2015 కూడా ప్లేఆఫ్స్ లేవు. 162 మ్యాచ్‌ల్లో టీం బలం ఎంతో అంతే బయటపడుతుంది, మేనేజర్ దాన్ని పెద్దగా మార్చలేడు. ఆయన 2,266 ఓటములు చెప్పేది అదే. అక్టోబర్‌లో మధ్యలో సెలవు రోజులుంటాయి, ప్రతి అవుట్‌కీ విలువ పెరుగుతుంది, ఎవరిని ఎప్పుడు వాడాలన్న నిర్ణయాలు అక్కడ తూగుతాయి. టీంని అక్టోబర్‌దాకా చేర్చాల్సింది క్రిస్ యంగ్, సీగర్, సెమియన్. అక్కడి నుంచి ట్రోఫీ దాకా చాలా భాగం బోచీది. నా లెక్క ఇదీ.

ఫ్రిస్కో వాసి:
నేను ఇంకొంచెం ఎక్కువ ఇస్తాను బాబాయ్. క్రిస్ యంగ్ 2006లో శాన్ డియాగోలో బోచీ కింద పిచర్‌గా ఆడాడు. ఆ అనుభవంతోనే ఇంట్లో కూర్చున్న 67 ఏళ్ల మనిషిని వెతుక్కుంటూ వెళ్లి తీసుకొచ్చాడు. అంత ఖర్చు పెట్టి కొన్న టీంకి ఏం తక్కువైందో డబ్బు పెట్టిన వాళ్లకే తెలిసింది.

కేటీ కుర్రాడు:
అది మంచి పాయింట్ అన్నా. అయినా 1-0 ఆదివారం డివిజన్ మాది, అది రికార్డుల్లో ఉంది.

గచ్చిబౌలి నైట్‌షిఫ్ట్:
పాత మ్యాచ్‌లు పూర్తిగా చూడాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి? వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచా?

ప్లానో అక్క:
ముందు ఆస్ట్రోస్‌తో ఐదో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్ చూడు. వెంటనే ఆరో మ్యాచ్ ఎనిమిదో ఇన్నింగ్స్ పెట్టు. రెండిట్లోనూ లెక్లెర్క్‌నే గమనించు. బేస్‌బాల్ బాగా ఎక్కితే అప్పుడు మాస్టారు చెప్పిన 2014 ఏడో మ్యాచ్. అన్నట్టు ఎప్పుడైనా డల్లాస్ వస్తే చెప్పు, ఆర్లింగ్టన్‌లో ఒక మ్యాచ్ చూసి పక్కనే గ్రాండ్ ప్రైరీకి వెళ్దాం. అక్కడి పాత బేస్‌బాల్ స్టేడియాన్నే మార్చి క్రికెట్ గ్రౌండ్ చేశారు, మేజర్ లీగ్ క్రికెట్ మొదలైంది అక్కడే.

గచ్చిబౌలి నైట్‌షిఫ్ట్:
తప్పకుండా అక్కా. ఈ ఆదివారం సెలవు, ఐదో మ్యాచ్‌తో మొదలుపెడతా. డౌట్లు ఇక్కడే అడుగుతా, అందరూ ఉండండి.